ఆటోనగర్ షెడ్డులో లెక్కల బోర్డు: ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మాది ట్రైలర్లు బాగుచేసే షెడ్డు. పోర్టు నుంచి కంటైనర్లు లాగే బండ్లు, స్టీల్‌ప్లాంటు నుంచి కాయిల్సూ రాడ్లూ మోసే బండ్లు ఎక్కువగా వస్తాయి. ఇద్దరు మేస్త్రీలు, ఒక ఎలక్ట్రీషియన్, వెల్డింగూ టింకరింగూ చూసే మనిషి, టైర్ల మనిషి, స్టోర్ చూసే అమ్మాయి, హెల్పర్ కుర్రాళ్లు. ఫ్లోరు బాధ్యత నాది.

ఏప్రిల్లో ఓనరు గారు అందరినీ కూర్చోబెట్టి, "ఈ ఏడాది మన సర్వీసు బాగా మెరుగుపడాలి" అన్నారు. అందరూ తలూపారు. మనసులో ఎవరికీ అభ్యంతరం లేదు కూడా. కానీ మర్నాడు పొద్దున పానా పట్టుకున్న మనిషి నిన్నటికంటే వేరుగా ఏం చెయ్యాలి? ఆ మాటలో దానికి జవాబు లేదు. నెల గడిచాక మెరుగుపడ్డామో లేదో ఎలా తెలుస్తుంది? దానికీ లేదు. అందుకే ఈ పని తలకెత్తుకున్నాను. దసరా నాటికి షెడ్డులో ఎవర్నడిగినా ఒక్క ముక్కలో చెప్పగలిగే లక్ష్యం ఉండాలి, దాని లెక్క మా వాళ్లే వేసుకోవాలి.

మొదట బయటివాళ్లను అడిగాను. ఫారాలు పంచలేదు. మా గేటు పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, డ్రైవర్లు అన్నీ చెప్తారు. "సాయంత్రం ఇచ్చేస్తామంటారు సార్, రెండు రాత్రులు క్యాబిన్లోనే పడుకుంటాం" అన్నాడొకాయన. "మొన్ననే కదా ఈ బ్రేకు పని చేశారు, మళ్లీ అదే" అన్నాడు ఇంకొకాయన. ఏడు బండ్లున్న ట్రాన్స్‌పోర్టు ఓనరు ఒకాయన ఫోన్లో, "బండి ఆగితే ఈఎంఐ ఆగదు కదండీ" అన్నారు. బిల్లు తగ్గించమని అడిగినవాళ్లూ ఉన్నారు గానీ అది మూడో మాటగానో నాలుగో మాటగానో వచ్చింది. ముందొచ్చినవి రెండే: చెప్పిన టైముకి బండి ఇవ్వాలి, అదే పని మీద మళ్లీ తిప్పకూడదు.

ఇన్నాళ్లూ మేం లెక్కపెడుతున్నది వేరు. నెలలో ఎన్ని జాబ్ కార్డులు (ఒక్కో బండి పని రాసుకునే కార్డులు) తెరిచాం, ఎంత బిల్లు అయింది అని. అవి మేం ఎంత హడావుడిగా ఉన్నామో చెప్తాయి. క్యాబిన్లో పడుకున్న డ్రైవరు గురించి ఏమీ చెప్పవు.

జూన్ మొదటి వారాలు

పాత జాబ్ కార్డులు తిరగేస్తే తేదీలు తప్ప టైములు లేవు. కాబట్టి కార్డు మీద కొత్త గడులు గీయించాను: బండి గేట్లోకి వచ్చిన టైము, పిట్టు (బండి కింద నిలబడి పనిచేసే గొయ్యి) ఎక్కిన టైము, స్పేరు అడిగిన టైము, స్పేరు చేతికొచ్చిన టైము, పని పూర్తయిన టైము, గేటు దాటిన టైము. ప్రతి పిట్టు దగ్గరా స్తంభానికి దారంతో ఒక పెన్ను కట్టాం. గ్రీజు చేతులతో ఆఫీసు గదిలోకి వచ్చి ఎవరూ రాయరు, పెన్ను పక్కన ఉంటే రాస్తారు.

వచ్చిన కార్డుల్లో ఒకటి చెప్తాను, చాలావాటికి అదే నమూనా. వెనక యాక్సిల్ బ్రేక్ లైనర్ల పని. బండి పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. పదిన్నరకి పిట్టెక్కింది. మధ్యాహ్నం భోజనాల లోపు డ్రమ్ములు ఊడదీశారు. ఆ సైజు లైనర్లు స్టోర్లో లేవు. కుర్రాణ్ణి బయటి షాపుకి పంపితే వేరే సైజు తెచ్చాడు, మార్చుకొచ్చేసరికి షాపు కట్టేశారు. మర్నాడు పదకొండింటికి సరైనవి వచ్చాయి. బిగించి, బ్రేకు బిగుతు సర్దే స్లాక్ అడ్జస్టర్లు సరిచేసి, గాలి లీకులు చూసుకుని రెండున్నరకి ముగించారు. బిల్లు కోసం ఇంకో గంట. షెడ్డులో బండి ఉన్నది ముప్పై గంటల పైనే. దాని మీద చెయ్యి పడింది అయిదు గంటలు.

అంటే మేస్త్రీలను "ఇంకాస్త చురుగ్గా చెయ్యండి" అంటే ఒరిగేదేమీ లేదు. ఆ అయిదు గంటలు నాలుగున్నర అవుతాయేమో, మిగతా టైము అలాగే ఉంటుంది. జాప్యమంతా స్పేర్ల కోసం, బిల్లు కోసం, పిట్టు ఖాళీ కోసం ఎదురుచూడ్డంలోనే ఉంది. దీన్ని కాగితం మీద చూశాకే పెద్ద మేస్త్రీ గారు ఈ పనిలో మనసు పెట్టారు. అప్పటిదాకా ఇది తమ మీద నిఘా అనుకున్నారాయన.

లెక్కలో ఇంకో సంగతి. సగటు తీస్తే బండికి నాలుగు రోజుల పైన తేలింది. ఎవరూ నమ్మలేదు. చూస్తే, యాక్సిడెంటు బండి ఒకటి ఇన్సూరెన్సు సర్వేయరు కోసం నెలరోజులుగా మూల పడి ఉంది, సగటునంతా అదే లాగేస్తోంది. అప్పుడు బండ్లను తక్కువ టైము నుంచి ఎక్కువ టైముకి వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూశాం. రెండు రోజుల లోపే. అందరూ "ఆ, అదీ నిజం" అన్నారు. ఏ జట్టుకైనా ఇదే చెప్తాను, ఒకటి రెండు పెద్ద అంకెలు లెక్కను వంకర చేసేచోట సగటు వద్దు, మధ్య విలువ చూడండి. చూసినవాళ్లు తమ పని ఇదేనని గుర్తుపట్టని అంకెతో ఎవర్నీ కదిలించలేం.

జూన్ మధ్య: దేన్ని ఏమనాలి

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది ఇక్కడే, జరగాల్సిందీ ఇక్కడే. శనివారం సాయంత్రం షట్టర్లు సగం దించి, టీ తెప్పించుకుని కూర్చున్నాం.

మొదటి ప్రశ్న, గడియారం ఎక్కడ మొదలవ్వాలి. పెద్ద మేస్త్రీ గారిది విజయనగరం వైపు. "ఏటి బాబూ, గేటుకాడ నిలబడ్డ బండికి మేమేటి సేస్తాం? పిట్టెక్కినకాణ్ణించి లెక్కెయ్యండి" అన్నారు. న్యాయంగానే ఉంది. కానీ డ్రైవరుకి గేటుదగ్గరైనా పిట్టు మీదైనా ఒకటే, బండి రోడ్డు మీద లేదు. స్టోర్ అమ్మాయి అంది: "అన్నయ్యా, రెండూ రాద్దాం. గేటు టైము షెడ్డందరిదీ, పిట్టు టైము మేస్త్రీలది." దాంతో ఆ తగువు తీరింది. షెడ్డు లక్ష్యం గేటు నుంచి గేటు దాకా. పిట్టు టైము మాలో మేం చూసుకోవడానికి.

రెండోది, "చెప్పిన టైము" ఎవరు చెప్పింది? ఇదివరకు కౌంటరు దగ్గర ఉన్నవాళ్లు డ్రైవరు మొహం చూసి "సాయంత్రానికి" అనేసేవారు. బండి విప్పకుండా ఆ మాట చెప్పడం కుదరదు. ఇప్పుడు మేస్త్రీ విప్పి చూశాక, స్పేర్లున్నాయో లేదో స్టోర్లో అడిగాక, ఆయనే టైము చెప్తారు, అది కార్డు మీద ఎక్కుతుంది, డ్రైవరుకి ఫోటో వెళ్తుంది. తర్వాత మార్చడానికి లేదు. లోపల ఇంకేదో పాడైందని తెలిస్తే ఓనరుకి ఫోన్ చేసి ఒప్పించి కొత్త టైము ఇస్తాం గానీ, లెక్కలో మాత్రం మొదట చెప్పిందే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌కి ఇది కష్టంగా తోచింది. "విప్పాక తెలిసేవి నా పనిలోనే ఎక్కువ సార్" అన్నాడు. నిజమే. అందుకే పదికి పది లక్ష్యంగా పెట్టకూడదని ఆ మాటతోనే తేలింది.

మూడోది, "తిరిగొచ్చిన బండి" అంటే ఏమిటి. బ్రేకు పని చేశాక పదిహేను రోజులకి బల్బు పోయి వస్తే? అది తిరిగొచ్చినట్టు కాదు. అదే బ్రేకు ఒకవైపు లాగుతోందని వస్తే? అది తిరిగొచ్చినట్టే. ఒకే ఫిర్యాదు, ముప్పై రోజుల లోపు. కమాన్ పట్టీ (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ) మారిస్తే ఓవర్‌లోడు వేసి విరగ్గొట్టుకొచ్చినవాళ్ల సంగతేంటని చిన్న మేస్త్రీ గట్టిగా పట్టుపట్టాడు. చివరికి వాటినీ లెక్కలో వేస్తాం, పక్కన కారణం రాస్తాం అని తేల్చాం. ఎవరి తప్పో తేల్చేముందే లెక్కలోంచి తీసేయడం మొదలైతే నెలాఖరుకి ఆ గడిలో ఏమీ మిగలదు.

ఈ మూడు నిర్వచనాలూ పెద్ద అక్షరాలతో రాయించి స్టోర్ కిటికీ పక్కన అంటించాం. ఇది అయ్యేదాకా అంకెల జోలికి పోలేదు.

జూన్ చివర: ఎంత పెట్టాలి

అప్పటి లెక్క ప్రకారం పది బండ్లలో నాలుగు చెప్పిన టైముకి పోతున్నాయి. వంద పనుల్లో ఎనిమిది దాకా తిరిగొస్తున్నాయి. ఓనరు గారు పదికి పది అన్నారు. పెద్ద మేస్త్రీ గారు అయిదంటే గొప్పే అన్నారు.

ఇక్కడ నాకు పనికొచ్చింది లారీ డ్రైవర్ల కథే. అమెరికాలో గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓక్లహోమాలో అడవి నుంచి దుంగలు మోసే లారీలతో పనిచేశాడు, అది 1975లో అచ్చయింది. చట్టం ఒప్పుకునే బరువులో దాదాపు 60 శాతమే లోడు వేసుకుని లారీలు తిరిగేవి. "మీకు చేతనైనంత వెయ్యండి" అని చెప్పి చెప్పి అలసిపోయారు. అప్పుడు డ్రైవర్లకి ఒక్క అంకె ఇచ్చారు: 94 శాతం. అదనంగా డబ్బు ఇవ్వలేదు. అందుకోలేకపోయినా ఎవర్నీ ఏమీ అనబోమని మాటిచ్చారు. మొదటి నెల 80కి వెళ్లింది, రెండో నెల 70కి పడింది, మూడో నెల 90 దాటింది. రెండో నెల ఎందుకు పడిందని అడిగితే, కంపెనీ మాట మీద నిలబడుతుందో లేదో చూద్దామనుకున్నామని డ్రైవర్లు చెప్పారు.

చేతనైనంత చెయ్యమనడం కంటే స్పష్టమైన, కాస్త కష్టమైన అంకె మనిషిని ఎక్కువ కదిలిస్తుందని ఎడ్విన్ లాక్ 1968లోనే రాశాడు. లేథమూ ఆయనా కలిసి తర్వాత దశాబ్దాలు దీని మీదే పనిచేశారు. కష్టంగా ఉండాలి, కానీ చేసేవాళ్లు దాన్ని తమదిగా ఒప్పుకోవాలి, ఎంతవరకు వచ్చామో వాళ్లకి ఎప్పటికప్పుడు కనపడాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా అంకె గోడ మీది రంగుగా మిగిలిపోతుంది.

ఓనరు గారికి ఈ కథ చెప్పాను. ఆయనకూ ఒకప్పుడు రెండు లారీలుండేవి, రెండో నెల సంగతి విని చాలాసేపు ఆలోచించారు. చివరికి కుదిరింది ఇది. దసరా నాటికి రోజువారీ పనుల్లో, అంటే జనరల్ సర్వీసు, బ్రేకు, క్లచ్, కమాన్ పట్టీలు, హబ్ గ్రీజు పనుల్లో, పదికి ఏడు బండ్లు చెప్పిన టైముకి గేటు దాటాలి. తిరిగొచ్చే పనులు వందకి అయిదు మించకూడదు. యాక్సిడెంటు బండ్లు ఇందులో లేవు, సర్వేయరు ఎప్పుడొస్తాడో మా చేతిలో లేదు.

లక్ష్యాలు ఎలా రాయాలో 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన ఒక అమెరికన్ పత్రికలో స్మార్ట్ పేరుతో అయిదు షరతులు చెప్పాడు. వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనపడేది, ఎవరు చేస్తారో తేలి ఉండాలన్నది. మా పదికి ఏడులో స్పేర్ల వాటా పెద్దది. కాబట్టి స్టోర్ అమ్మాయికి ఆమె చేతిలో ఉన్న అంకె ఒకటి విడిగా కావాలి: అడిగిన స్పేర్లలో అప్పటికప్పుడు స్టోర్లో దొరికినవి ఎన్ని. షెడ్డు అంకె నెలాఖరుకి తేలే ఫలితం. స్టోర్ అంకె ఈ రోజే కనపడుతుంది, ఈ రోజే సరిదిద్దుకోవచ్చు. రెండూ పక్కపక్కన ఉంటేనే దేన్ని పట్టుకుంటే ఏది కదులుతుందో తెలుస్తుంది.

జులై

బోర్డు పెట్టాం. పెద్దదేమీ కాదు, స్టోర్ కిటికీ పక్కన తెల్ల బోర్డు. ప్రతి బండికీ ఒక గడి. టైముకి పోతే ఆకుపచ్చ చుక్క, ఆలస్యమైతే ఎర్ర చుక్క, పక్కన రెండు మాటల్లో కారణం: స్పేరు లేదు, పిట్టు ఖాళీ లేదు, విప్పాక తేలింది, బిల్లు ఆలస్యం. కంప్యూటర్లో పెడదామన్నారు ఓనరు గారి అబ్బాయి. ప్రస్తుతానికి వద్దన్నాను. తెర నా గదిలో ఉంటుంది, బోర్డు వాళ్ల కళ్లముందు ఉంటుంది. చుక్క పెట్టేది నేను కాదు, ఆ బండి మీద పనిచేసిన హెల్పరు. ఇది ఈ ప్రాజెక్టులో నేను ఎవరికోసమూ వదులుకోని షరతు.

మొదటి ఎర్ర చుక్క పెట్టాల్సొచ్చిన రోజు ఇంకా కళ్లముందు ఉంది. కుర్రాడు ఎర్ర మార్కరు మూత తీసి మేస్త్రీ గారి వైపు చూశాడు. మేస్త్రీ గారు నా వైపు చూశారు. నేను "కారణం ఏం రాస్తున్నావురా?" అని మాత్రం అడిగాను. "స్పేరు లేదు" అని రాశాడు. లోపల్నుంచి స్టోర్ అమ్మాయి, "ఏ స్పేరో కూడా రాయి తమ్ముడూ, లిస్టులో వేసుకుంటాను" అంది. ఆ సాయంత్రానికి ఆమె దగ్గర ఆరు ఐటెమ్‌ల జాబితా తయారైంది. తర్వాతి వారం ఆ ఆరూ రాకు మీద ఉన్నాయి.

పొద్దున పని మొదలుపెట్టే ముందు బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడతాం. నిన్నటి ఎర్ర చుక్కలు, ఈ రోజు బండ్లు, స్పేర్లలో ఏవి లేవు. కూర్చోం. కూర్చుంటే మీటింగు అయిపోతుంది.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ వచ్చింది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడిచి వచ్చినవాడు మర్నాడు జాక్ ఎత్తలేడు. సగం మంది లేరు, ఊళ్లో ట్రాఫిక్కు మళ్లించారు, స్పేర్లు రాలేదు. రెండు రోజులు బోర్డంతా ఎరుపే. ఓనరు గారు ఫోన్ చేశారు. ఒక్క రోజు చూసి కంగారుపడితే రోజూ కంగారుపడాల్సి వస్తుంది. ఏ పనిలోనైనా అంకె రోజూ కొంత పైకీ కిందికీ ఆడుతుంది, ఆ మామూలు ఊగుడుకీ నిజంగా ఏదో మారినదానికీ తేడా చూపే చార్టును 1924లో వాల్టర్ షూహార్ట్ టెలిఫోన్ పరికరాల తయారీ కోసం గీశాడు. వంద ఏళ్లయింది, ఇప్పటికీ పనికొస్తోంది. మేం వారానికొక చుక్క వేస్తున్నాం. ఒక వారం పడితే కారణం తెలుసుకుని ఊరుకుంటాం. వరసగా కొన్ని వారాలు ఒకే వైపు వెళ్తే అప్పుడు పని ఆపి మాట్లాడతాం. గిరి ప్రదక్షిణ వారానికి కారణం తెలుసు. వచ్చే ఏడాది ఆ రెండు రోజులకి బండ్లు తక్కువ ఒప్పుకుంటాం, అంతే.

జులై ముగిసేసరికి పదికి ఆరు.

ఆగస్టు

పదికి అయిదుకి పడింది. ఓనరు గారికి నేను చెప్పక ముందే ఆయనే, "ఓక్లహోమా లారీలా?" అన్నారు. మా వాళ్లు ఎవరినీ పరీక్షించలేదు, కారణాలు వేరు. వానలకి ఒక పిట్టులో నీరు నిలిచి వారం పనికి రాలేదు. కానీ ఆ కథ విన్నందువల్ల ఆయన ఎవర్నీ పిలిచి మందలించలేదు. అది చాలా పెద్ద మేలు. పిట్టులో మోటారు పెట్టించారు.

నెలాఖరుకి అంకె మళ్లీ లేచింది, అనుకున్నదానికంటే ఎక్కువే. అదే నాకు నచ్చలేదు, ఎందుకంటే తిరిగొచ్చిన బండ్లూ అదే సమయంలో పెరిగాయి. స్టోర్ అమ్మాయి కార్డులు పక్కపక్కన పెట్టి చూపించింది. కొన్నిటిలో "పని పూర్తి" అని రాసిన టైము తర్వాత కూడా స్పేర్లు తీసుకున్నారు. అంటే రోడ్డు టెస్టు కాకముందే, ఒక్కోసారి పని కాకముందే, కార్డు మూసేస్తున్నారు. బండి మాత్రం ఇంకా పిట్టు మీదే ఉంది.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. ఆకుపచ్చ చుక్క కావాలన్న ఆరాటం అది. కొలతను లక్ష్యంగా చేసేస్తే అది మంచి కొలతగా ఉండడం మానేస్తుందన్న మాట గుడ్‌హార్ట్ సూత్రంగా ప్రసిద్ధం. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పినదాన్నుంచి పుట్టిన మాట అది, ఆటోనగర్ షెడ్డుకీ అచ్చంగా సరిపోతుంది. దీనికి విరుగుడు ఇంకో కాపలా మనిషి కాదు. మొదటి నుంచీ రెండు కొలతలు జంటగా పెట్టుకున్నది ఇందుకే. తొందర ఎక్కువైతే తిరిగొచ్చే బండ్ల గడి ఊరుకోదు. టైములు సాగదీసి చెప్పడం మొదలైతే షెడ్డులో బండి ఉన్న మొత్తం టైము పెరిగి కనపడుతుంది.

మరి సవరణ ఏమిటి? "పూర్తి" అన్న మాటకి కొత్త నిర్వచనం. బీహెచ్‌పీవీ జంక్షన్ దాకా బండిని నడిపి తెచ్చాక డ్రైవరు కార్డు మీద సంతకం పెట్టిన టైమే పూర్తయిన టైము. ఇది చెప్పింది చిన్న మేస్త్రీ. డ్రైవరు సంతకం పెడితే రెండు లాభాలని అతని లెక్క. ఒకటి, మేం ముందే మూసేయలేం. రెండు, బ్రేకు సంగతి డ్రైవరు పాదానికి తెలిసినంత మాకు తెలియదు, చిన్న లాగుడు ఉన్నా అక్కడే చెప్తాడు, పదిహేను రోజులాగి తిరిగి రాడు. పాత కార్డుల మీద ఎవర్నీ నిలదీయలేదు. ఆ వారం అంకె కొట్టేసి, పక్కన "లెక్క మారింది" అని రాశాం.

సెప్టెంబరు

17న విశ్వకర్మ పూజ. జాక్‌లకీ వెల్డింగు మిషనుకీ పసుపు కుంకుమ పెట్టాం, పులిహోర తిన్నాక ఓనరు గారు బోనస్ మాట ఎత్తారు. ఆకుపచ్చ చుక్కకి ఇంతని ఇద్దామన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

నేను వద్దన్నాను, ఎందుకో అక్కడే చెప్పాను. చుక్కకి డబ్బు కడితే ఆగస్టులో ఆరాటంతో జరిగింది అవసరంతో జరుగుతుంది. ఇంట్లో ఫీజు కట్టాల్సినవాడు కార్డు ముందే మూస్తే అతన్ని తప్పుపట్టే హక్కు మనకు ఉండదు. పైగా ఎర్ర చుక్క పక్కన కారణం రాయడం మానేస్తారు, మనకు అసలు కావలసింది ఆ కారణమే. అంకెల కోటాలు తీసెయ్యమని అమెరికన్ నాణ్యతా నిపుణుడు డెమింగ్ పోరాడింది దీని గురించే. జీతాలు పెంచాలి, పెంచండి, దానికీ చుక్కలకీ ముడి వద్దు. పెద్ద మేస్త్రీ గారు నాకంటే బాగా చెప్పారు: "డబ్బులొద్దు గానీ బాబూ, ఇంకో ఎయిర్ గన్ను కొనిపెట్టండి. రెండు పిట్లకి ఒకటే గన్ను, ఒకడు బిగిస్తుంటే ఇంకొకడు సూత్తా కూకుంటన్నాడు." బోర్డు మీది కారణాలు వెతికితే అదీ కనపడింది. గన్నూ, పిట్టులో పెట్టుకునే మంచి లైట్లు రెండూ వచ్చాయి. అంకె కదలడానికి అడ్డొచ్చేదాన్ని తీసేయడం కంటే మంచి బహుమతి నాకు తోచదు.

ఎలక్ట్రీషియన్ పనికి మాత్రం వేరే దారి పట్టాం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో సెన్సార్ల తగువు ఎక్కువ. పొగ శుద్ధికి వాడే ద్రవం, డ్రైవర్లు "యూరియా" అనేది, 32.5 శాతం యూరియా ఉన్న ద్రావణం, దాని నాణ్యత తేడా వచ్చినా, లైనులో గడ్డకట్టినా డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఇంజను బలం తగ్గిపోతుంది. స్కానరు ఒక కోడ్ చూపిస్తుంది, కానీ కోడ్ చెప్పేది లక్షణం, జబ్బు కాదు. ఇంకా నేర్చుకుంటున్న పనికి "మూడు గంటల్లో ముగించు" అని అంకె పెడితే మనిషి ఆలోచించడం మానేసి సెన్సార్లు మార్చుకుంటూ పోతాడు, కస్టమరుకి బిల్లు పడుతుంది. లాక్, లేథమ్ పరిశోధనలు కూడా ఇదే చెప్తాయి: కొత్త, చిక్కు పనిలో ఫలితం అంకె కంటే నేర్చుకునే లక్ష్యం మంచిది. కాబట్టి ఎలక్ట్రీషియన్‌కీ చిన్న మేస్త్రీకీ కలిపి ఒక నోటుబుక్కు ఇచ్చాం. వచ్చిన ప్రతి కోడ్‌కీ మూడు మాటలు రాయాలి: స్కానరు ఏం చూపింది, అసలు కారణం ఏమిటని తేలింది, ఎలా కనిపెట్టారు. సంక్రాంతి నాటికి ఎక్కువగా వచ్చే కోడ్‌లకి వరసగా ఏం చూడాలో ఒక పేజీ తయారవ్వాలి. ఎన్ని గంటలు పట్టిందన్నది రాయడం లేదు. మొదటి పేజీలోనే ఉపయోగం కనపడింది. సెన్సారు పోయిందని కోడ్ వస్తే, చెడింది కనెక్టరులో తుప్పు. సముద్రపు గాలికి ఇక్కడి బండ్లలో అది మామూలే. ఇప్పుడు మొదట కనెక్టరు విప్పి చూస్తున్నారు.

దసరా తర్వాత

ఆయుధ పూజ నాటి లెక్క: తిరిగొచ్చే పనులు వందకి అయిదు, అనుకున్నది అందింది. చెప్పిన టైముకి పదికి ఆరున్నర, ఏడు అందలేదు. స్టోర్లో అప్పటికప్పుడు దొరికే స్పేర్లు పదికి ఎనిమిది దాకా వచ్చాయి, మొదట అయిదు కూడా ఉండేవి కావు.

ఏడుని ఆరున్నరకి దింపి "సాధించాం" అనుకుందామా అని ఒకరన్నారు. ఒప్పుకోలేదు, మేస్త్రీలు కూడా. సంక్రాంతి దాకా ఏడే ఉంటుంది. మిగిలిన ఎర్ర చుక్కల కారణాల్లో పెద్దది ఇప్పుడు స్పేర్లు కాదు, సాయంత్రం ఆరు తర్వాత వచ్చే బండ్లు. పోర్టులో దింపేసి రాత్రికి చేరతాయి, పొద్దున్న అన్నీ ఒకేసారి పిట్టు అడుగుతాయి. ఒక మేస్త్రీ మధ్యాహ్నం వచ్చి రాత్రి తొమ్మిది దాకా ఉంటే, విప్పి చూసే పని రాత్రే అయిపోతుంది, స్పేర్ల జాబితా పొద్దున్నే షాపులు తెరిచేసరికి సిద్ధంగా ఉంటుంది. చిన్న మేస్త్రీ సిద్ధమే. అతని ఇంటి పరిస్థితి చూసుకుని, షిఫ్టు అలవెన్సు ఎంతో తేల్చాకే మొదలుపెడతాం. విజయనగరం పైడితల్లి సిరిమానుకి పెద్ద మేస్త్రీ గారూ ఇద్దరు హెల్పర్లూ ఊరెళ్తారు కాబట్టి ఆ వారం బండ్లు తక్కువ ఒప్పుకున్నాం.

ఇంకో కొత్త సంగతి. ఇన్నాళ్లూ బోర్డు దగ్గర వెనక నిలబడే టైర్ల మనిషి తనకూ ఒక గడి కావాలన్నాడు. చక్రం ఊడదీసి బిగించాక కొన్ని పదుల కిలోమీటర్లు నడిచిన తర్వాత వీల్ నట్లు మళ్లీ బిగించాలి, లోడు మీద అవి కాస్త సర్దుకుని వదులవుతాయి. చెప్తాం గానీ డ్రైవర్లు రారు. ఎంతమందికి చెప్పాడో కాకుండా ఎంతమంది నిజంగా తిరిగొచ్చి బిగించుకున్నారో లెక్కపెడతానంటున్నాడు. వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవద్దని, పోర్టు వైపు వెళ్లే బండ్లకి ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేసి గుర్తుచేసే పని తనకే ఇవ్వాలని అడిగాడు. అంకె ఎంత పెట్టాలో ఇప్పుడే తేల్చడం లేదు. ముందు నెలంతా ఉన్నది ఉన్నట్టు లెక్కపెడతాడు. గడి సోమవారం గీస్తున్నాం.